ఫిబొనాచీ సంఖ్యలు ప్రకృతిలో నిజంగా ఎక్కడున్నాయి? పిల్లలకు చూపించగలిగేవి చెప్పండి

లెక్కల_టీచరమ్మ:
అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. డిసెంబర్ 22, రామానుజన్ పుట్టినరోజు, గణిత దినోత్సవం కదా, మా తొమ్మిదో తరగతి పిల్లలు ఫిబొనాచీ సంఖ్యల మీద స్టాల్ పెడతామంటున్నారు. 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89... ముందున్న రెండూ కూడితే తర్వాతది వస్తుంది, అంతే. కూడిక వచ్చిన ఏ పిల్లకైనా అర్థమయ్యే లెక్క. ఇబ్బంది ఎక్కడంటే, పిల్లలు నెట్‌లో వెతికి తెచ్చిన బొమ్మల్లో సముద్రపు గవ్వ, పాలపుంత, తుపాను, మనిషి చెవి, గ్రీకు గుడి, మోనాలిసా ముఖం, అన్నిటి మీదా ఒకటే సుడి గీసి ఉంది. దేన్నీ కొలిచి చూపించలేదు. గీత గీశారు కాబట్టి నమ్మాలన్నట్టు ఉంది. నాకు అలాంటిది పిల్లల ముందు పెట్టడం ఇష్టం లేదు. చేత్తో పట్టుకుని లెక్కపెట్టి చూసుకునేవి కావాలి, మన ఊళ్లలో దొరికేవైతే మరీ మంచిది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మొక్కల_మిత్ర:
మేడమ్, స్కూల్ ఆవరణలో మందార చెట్టు ఉంటే అక్కడే మొదలుపెట్టండి. నిటారుగా పెరిగిన కొమ్మ ఒకటి చూసుకుని, కింది ఆకు తొడిమ దగ్గర దారం కట్టి, దాని పైఆకు తొడిమకి, ఆ పైదానికి, అలా వరసగా తాకించుకుంటూ పైకి చుట్టమనండి. మొదటి ఆకుకి సరిగ్గా పైన వచ్చే ఆకు దగ్గర ఆగాలి. అప్పటికి ఐదు ఆకులు ఎక్కి ఉంటారు, దారం కాండం చుట్టూ రెండుసార్లు తిరిగి ఉంటుంది. దీన్ని 2/5 అని రాస్తాం. బొప్పాయిలో మూడు చుట్లకి ఎనిమిది ఆకులు, 3/8. వరిలో, గడ్డి జాతుల్లో ఆకులు రెండే వరసలు, 1/2. తుంగ పీకి చూడండి, కాడ మూడు పలకలుగా ఉంటుంది, ఆకులు కూడా మూడు వరసల్లోనే, 1/3.

ఇప్పుడు వీటిని పక్కపక్కన రాయండి: 1/2, 1/3, 2/5, 3/8, ఆ తర్వాత కొన్ని మొక్కల్లో 5/13. పైనా కిందా ఫిబొనాచీ సంఖ్యలే. డిగ్రీల్లోకి మారిస్తే 180, 120, 144, 135, 138.46. అటూ ఇటూ ఊగుతూ 137.5 దగ్గరికి వస్తున్నాయి చూడండి. ఆ 137.5 సంగతి పెద్దది, తర్వాత రాస్తాను.

ఒక జాగ్రత్త. కాండం కొంచెం మెలి తిరిగి పెరుగుతుంది, కాబట్టి ఆకు అచ్చంగా నెత్తిమీదే రాకపోవచ్చు, పిల్లలు కంగారు పడకూడదు. ఇంకొకటి, తులసి కొమ్మ, జిల్లేడు కొమ్మ కూడా స్టాల్‌లో పెట్టండి. వాటికి ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, ఒక జంట తూర్పు పడమరలకైతే పై జంట ఉత్తర దక్షిణాలకి. అక్కడ ఈ సుడి లేదు. లేనిచోట లేదని చూపించడం కూడా పిల్లలకి అవసరమే.

పద్యప్రియ:
టీచరమ్మ గారూ, తొమ్మిదో తరగతి అంటే గురువు, లఘువు వచ్చినవాళ్లే కదా. మీ స్కూల్ తెలుగు మాస్టారిని కూడా స్టాల్ దగ్గర కూర్చోబెట్టండి. ఈ సంఖ్యల్ని మన దేశంలో మొదట లెక్కపెట్టింది పువ్వుల్లో కాదు, పద్యాల్లో.

లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. మొత్తం ఇన్ని మాత్రలు రావాలంటే లఘు గురువుల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చు అన్నది ప్రశ్న. గురువుని గ అని, లఘువుని ల అని రాస్తున్నాను.

ఒక మాత్ర: ల. ఒకటే.
రెండు మాత్రలు: గ, లల. రెండు.
మూడు మాత్రలు: గల, లగ, లలల. మూడు.
నాలుగు మాత్రలు: గగ, గలల, లగల, లలగ, లలలల. ఐదు.
ఐదు మాత్రలు: గగల, గలగ, లగగ, గలలల, లగలల, లలగల, లలలగ, లలలలల. ఎనిమిది.

ఇక్కడ నాలుగు మాత్రల వరస దగ్గర ఒక్క క్షణం ఆగండి. గగ అంటే గగమే. గలల అంటే భగణం. లగల జగణం. లలగ సగణం. లలలల అంటే నలం. గగ, భ, జ, స, నల! కంద పద్యానికి వాడే గణాలు ఏవి అంటే చిన్నప్పుడు గడగడా అప్పజెప్పిన ఐదూ ఇవే. ఆ ఐదూ ఎవరో ఇష్టపడి ఏరుకున్నవి కావు, నాలుగు మాత్రలు అనుకున్నాక అంతకంటే ఇంకో రకం ఉండదు. నాకు ఇది తెలిసిన రోజు నుంచి కందం చదివే తీరే మారిపోయింది.

చరిత్ర కూడా చెప్తాను. మాత్రల లెక్కలో ఈ కూడిక సూత్రాన్ని ఛందస్సు పండితుడు విరహాంకుడు క్రీ.శ. 600, 800 మధ్య ఎప్పుడో చెప్పాడు. ఆయన గ్రంథానికి వ్యాఖ్య రాసిన గోపాలుడు 1135కి ముందువాడు, సంఖ్యల్నే వరసగా ఇచ్చాడు. 1150 ప్రాంతంలో గుజరాత్‌లో జైన పండితుడు హేమచంద్రుడు ఇంకా సూటిగా, చివరి సంఖ్యనీ దాని ముందుదాన్నీ కూడితే తర్వాతి మాత్రల లెక్క వస్తుందని చెప్పాడు. పీసా నగరపు లియోనార్డో, అంటే మనం ఫిబొనాచీ అంటున్న ఆయన, కుందేళ్ల లెక్క, అంటే ఒక జతతో మొదలుపెడితే ఏడాదికి ఎన్ని జతలవుతాయన్న లెక్క, రాసింది 1202లో.

కోడ్‌కూలీ:
పద్యప్రియ గారూ, ఇది చదివి లేచి కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అయ్యే ప్రతివాళ్లూ చేసే లెక్క ఒకటి ఉంది: మెట్లు ఒక్కొక్కటిగా గానీ రెండేసి గానీ ఎక్కొచ్చు, ఇన్ని మెట్లు ఎన్ని రకాలుగా ఎక్కగలం? ఒక మెట్టు లఘువు, రెండు మెట్లు గురువు అనుకుంటే అదీ ఇదీ ఒకటే. అమీర్‌పేట కోచింగుల్లో చెప్పే ప్రశ్నని పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు సాధించి పెట్టాడన్నమాట.

కూడిక ఎందుకు పనిచేస్తుందో పిల్లలకు ఇలా చెప్పొచ్చు మేడమ్. ఐదు మాత్రల వరస ఏదైనా సరే చివర లఘువో గురువో ఉండాలి, మూడో దారి లేదు. చివర లఘువైతే దాని ముందున్నవి నాలుగు మాత్రలు, అవి ఐదు రకాలు. చివర గురువైతే ముందున్నవి మూడు మాత్రలు, అవి మూడు రకాలు. ఐదూ మూడూ ఎనిమిది. పైన ఇచ్చిన ఎనిమిదిట్లో చివర ల ఉన్నవి ఏరి చూడండి, సరిగ్గా ఐదు వస్తాయి.

కంప్యూటర్‌కి దీన్ని తెలివితక్కువగా రాసిస్తే, అంటే ప్రతి సంఖ్యకీ వెనక్కి వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ లెక్కించమంటే, నలభయ్యో సంఖ్య కోసం ఆ ఫంక్షన్, అంటే లెక్క చేసే ప్రోగ్రామ్ ముక్క, 33 కోట్లసార్లకు పైగా పిలవబడుతుంది. అదే చివరి రెండు సంఖ్యలు గుర్తుపెట్టుకుంటూ ముందుకి పోతే నలభై కూడికల లోపు అయిపోతుంది. హేమచంద్రుడిది రెండో పద్ధతి.

మంజీర_తీరం:
పద్యప్రియ సార్, అయితే ఇంకోటి చూడండి. కందంలో మొదటి పాదానికి 3 గణాలు, రెండో పాదానికి 5, కలిపితే 8. ఆటవెలదిలో మూడు సూర్య, రెండు ఇంద్ర, కలిపితే ఐదు. ఇవి కూడా అవే సంఖ్యలు కదా! మన పద్యాలన్నీ దీని మీదనే కట్టిండ్రా?

పద్యప్రియ:
మంచి ప్రశ్న తమ్ముడూ, కానీ కాదు. ఆ రెండిటికీ తేడా ఉంది, ఈ చర్చ మొత్తానికి అదే కీలకం అనుకుంటాను. నాలుగు మాత్రలకి ఐదు గణాలు అవడానికి కారణం ఉంది, కోడ్‌కూలీ గారు చూపించారు కూడా. కందం పాదాల్లో 3, 5 రావడానికి అలాంటి కూడిక కారణం ఏదీ లేదు, పాదాల నడక కోసం అలా పంచుకున్నారు, అంతే. కావాలంటే ద్విపద తీసుకో, మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం, మొత్తం నాలుగు. సీసంలో ఆరు ఇంద్ర, రెండు సూర్య. నాలుగు, ఆరు ఫిబొనాచీ సంఖ్యలు కావు. నచ్చినవి ఏరుకుని నచ్చనివి వదిలేస్తే ఎక్కడైనా ఏదైనా కనిపిస్తుంది.

సందేహి:
దీనికి ఒక లెక్క ఆధారం కూడా ఉంది. 1 నుంచి 8 వరకు ఉన్న ఎనిమిది సంఖ్యల్లో 1, 2, 3, 5, 8, అంటే ఐదు ఫిబొనాచీవే. చిన్న సంఖ్య దేన్ని పట్టుకున్నా సగానికి పైగా అదే అవుతుంది. చేతికి ఐదు వేళ్లు, వేలికి మూడు కణుపులు అని చూపించే బొమ్మలన్నీ ఇలా వచ్చినవే. 34, 55, 89 లాంటివి పదేపదే కనిపిస్తే అప్పుడు ఆగి చూడాలి.

మొక్కల_మిత్ర:
సందేహి గారి మాటకి నా ఓటు. అందుకే పూరేకుల్ని సాక్ష్యంగా పెట్టొద్దంటాను. మందారం ఐదు రేకులు, గన్నేరు ఐదు, నందివర్ధనం ఐదు, నిజమే. కానీ ఆవపూవుకి నాలుగు, నూరువరహాలకి నాలుగు. పెద్ద సంఖ్యలు కావాలంటే పొద్దుతిరుగుడు, అనాసపండు. అనాసకి సీతంపేట మన్యం వైపు మంచి పేరు, శ్రీకాకుళం, పార్వతీపురం మీదుగా వచ్చేవాళ్లెవరికైనా చెప్తే తెచ్చిపెడతారు. కాయ మీద కళ్లన్నీ ఆరు పలకలుగా ఉంటాయి కాబట్టి ఒక్కో కన్ను మూడు రకాల వరసల్లో ఉంటుంది. ఏటవాలుగా మెల్లగా ఎక్కే వరసలు సాధారణంగా 8, దానికి ఎదురు దిక్కున కొంచెం నిక్కుగా ఎక్కేవి 13, దాదాపు నిలువుగా పోయేవి 21. ఒక వరస మీద రంగు దారం అతికించి, కాయ తిప్పుతూ, మళ్లీ ఆ దారం వచ్చేదాకా లెక్కపెట్టాలి. చిన్న కాయల్లో 5, 8, 13 వస్తాయి.

నంద్యాల_రైతుబిడ్డ:
సార్, పొద్దుతిరుగుడు మా చేలో ఉంది కాబట్టి ఈ చర్చ చదివి ఊరుకోలేకపోయినా. పూత రాలి గింజ కనపడే దశలో ఉన్నవి కోసి ఫోటో తీసి, పెద్ద ప్రింట్ వేయించి, స్కెచ్ పెన్నుతో ఒక్కో సుడి మీద గీత గీస్తూ లెక్కపెట్టినాం నేనూ మా చెల్లెలూ. ఒక మామూలు పువ్వులో అంచు దగ్గర ఒక దిక్కుకి 34, ఇంకో దిక్కుకి 55 వచ్చినాయి. కొంచెం పెద్దదాంట్లో 55, 89. రెండు సంఖ్యలూ పక్కపక్కవే రావడం చూసి మా చెల్లెలు నమ్మలేదు, మళ్లీ తనే గీసి చూసింది. మధ్యకి పోయేకొద్దీ సుడుల సంఖ్య తగ్గుతుంది, అక్కడ 13, 21 లాంటివి కనిపిస్తాయి, అందుకే ఎక్కడ లెక్కపెడుతున్నామో ముందే ఒక వృత్తం గీసుకోవాలి.

కానీ ఒక పువ్వు మాత్రం తేడాగా ఉంది. ఒక దిక్కు 29, ఇంకో దిక్కు 47. ఎన్నిసార్లు చూసినా అంతే. దీన్ని ఏమనుకోవాలి?

మొక్కల_మిత్ర:
రైతుబిడ్డ గారూ, ఆ ప్రింట్ పారేయకండి! 29, 47 లూకాస్ సంఖ్యలు. కూడిక పద్ధతి అదే, మొదలుపెట్టడమే వేరు: 1, 3, 4, 7, 11, 18, 29, 47, 76. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్ లూకాస్ పేరు మీద వచ్చాయి, 'ఫిబొనాచీ వరస' అన్న పేరుని లోకానికి అలవాటు చేసింది కూడా ఆయనే.

మీరు చేసినట్టే 2012లో ఇంగ్లండ్ మాంచెస్టర్‌లో జనం చేత పొద్దుతిరుగుడు పెంచి లెక్కపెట్టించారు. కంప్యూటర్ సైన్స్ పితామహుల్లో ఒకడైన అలన్ ట్యూరింగ్ 1954లో చనిపోయేముందు ఆ ఊళ్లోనే ఈ మొక్కల సుడుల లెక్క మీద పనిచేస్తూ ఉన్నాడు, ఆయన పేరుతోనే ఈ ప్రాజెక్టు నడిచింది. 657 పువ్వుల లెక్క 2016లో ప్రచురించారు. దాదాపు నాలుగింట మూడొంతుల లెక్కల్లో ఫిబొనాచీ సంఖ్యలు వచ్చాయి. మిగతావాటిలో లూకాస్ సంఖ్యలు కొన్ని, ఫిబొనాచీకి ఒకటి తక్కువ ఉన్నవి కొన్ని, ఏ వరసలోనూ పడనివి కొన్ని. అంటే గట్టి అలవాటే కానీ తప్పనిసరి శాసనం కాదు. మీ చేలో ఒక్క పువ్వు అలా రావడం అసలు లోకంలో జరిగేదానికి అద్దం పట్టినట్టే ఉంది.

డాలస్_శారద:
ఇక్కడ మా ఇంటి చుట్టూ పైన్ చెట్లు, కాయలు రాలి కాళ్లకి తగులుతూ ఉంటాయి. ఈ పోస్టులు చూసి మా అబ్బాయితో కింద నుంచి గోళ్లరంగు వేయిస్తూ లెక్కపెట్టించాను, 8 ఒక దిక్కు, 13 ఇంకో దిక్కు. ఇండియాలో హిమాలయాల వైపు వెళ్లినవాళ్లు తెచ్చుకోవచ్చు. నా ప్రశ్న వేరే. మొక్కకి లెక్కలు రావు కదండీ. ఎలా వస్తుంది ఇది? ఆకులన్నిటికీ ఎండ బాగా తగలడానికి అలా అమరుతాయి అని స్కూల్లో చెప్పినట్టు గుర్తు. నిజమేనా?

మొక్కల_మిత్ర:
శారద గారూ, నేను బాకీ పడ్డ 137.5 సంగతి ఇక్కడే చెప్పాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఎండ మాట పూర్తిగా తప్పని అనను, కానీ అది అసలు కారణం కాదు. పొద్దుతిరుగుడు గింజలకి, పైన్ కాయ పొలుసులకి ఎండ పంచుకోవాల్సిన పనేముంది? ఆకులైనా, తొడిమ వంచుకుని, పొడుగు పెంచుకుని వెలుతురుకి సర్దుకోగలవు. కారణం కొమ్మ కొసన, కంటికి కనిపించనంత చిన్న చోట ఉంది.

కొమ్మ కొసలో మొగ్గ మధ్యన పెరిగే కణాల గుట్ట ఉంటుంది. దాని అంచున కొత్త ఆకు ఒక బుడిపెలా పుడుతుంది. కొస పెరిగేకొద్దీ పాత బుడిపెలు మధ్య నుంచి దూరంగా జరుగుతాయి. కొత్తది ఎక్కడ పుట్టాలి? ఉన్నవాటికి వీలైనంత దూరంగా, ఎక్కువ ఖాళీ ఉన్నచోట. బస్సెక్కినవాళ్లు పక్కన ఎవరూ లేని సీటు చూసుకుని కూర్చున్నట్టు. 1868లోనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హాఫ్‌మైస్టర్ ఈ నియమం చెప్పాడు. అది ఎలా జరుగుతుందో ఈ శతాబ్దంలో తేలింది: ఆక్సిన్ అనే హార్మోన్ పోగైన చోట బుడిపె పుడుతుంది, పుట్టిన బుడిపె తన చుట్టుపక్కల ఆక్సిన్‌ని లాగేసుకుంటుంది, కాబట్టి దాని దగ్గర్లో ఇంకొకటి పుట్టలేదు.

ఈ ఒక్క నియమం చాలా అని అడుగుతారు. 1992లో ఫ్రాన్స్‌లో దువాడీ, కూడే అనే ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు మొక్కే లేకుండా చేసి చూపించారు. నూనె పోసిన గుండ్రటి పళ్లెం మధ్యలో అయస్కాంత ద్రవం చుక్కలు ఒక్కొక్కటిగా వేశారు. చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అయస్కాంత క్షేత్రం వాటిని అంచుకి లాగుతుంది. మొదట చుక్కలు నెమ్మదిగా వేసినప్పుడు ఎదురెదురుగా 180 డిగ్రీలకి పోయాయి. వేగం పెంచేకొద్దీ వరసగా వచ్చే చుక్కల మధ్య కోణం 137.5 వైపు వచ్చింది, ఫిబొనాచీ సుడులు వాటంతట అవే ఏర్పడ్డాయి. జన్యువులు లేవు, ఎండ లేదు, చుక్కలు మాత్రమే.

ఇక 137.5 ఎందుకు ప్రత్యేకమంటే, 360 డిగ్రీల వృత్తాన్ని రెండు ముక్కలు చేసి పెద్ద ముక్కని చిన్నదానితో భాగిస్తే 1.618 వచ్చేలా కోస్తే, చిన్న ముక్క అది. ఆ 1.618నే స్వర్ణ నిష్పత్తి అంటారు, 89ని 55తో, 144ని 89తో భాగించుకుంటూ పోతే దాని దగ్గరికే చేరతాం. అది కరణీయ సంఖ్య, భిన్నంగా రాయలేం. అన్ని కరణీయ సంఖ్యల్లోనూ భిన్నాలకి అతి తక్కువగా లొంగేది ఇదే. కోణం 120 అయితే, అంటే మూడింట ఒకటి అయితే, గింజలన్నీ మూడు గీతల్లో బారులు తీరి మధ్యలో చోటంతా వృథా. ఏ భిన్నానికి దగ్గరగా ఉన్నా అలాంటి బారులే. 137.5లో అలాంటి బారు ఎక్కడా పడదు, ఎంత పెద్ద పువ్వైనా గింజలు సమానంగా సర్దుకుంటాయి. 137.5కి బదులు 137 వేసి కంప్యూటర్లో గీసినా అంచు దగ్గర చీలికలు కనిపిస్తాయి.

కోడ్‌కూలీ:
ఇది పిల్లలే చేయొచ్చు మేడమ్. వోగెల్ అనే ఆయన 1979లో ఇచ్చిన సూత్రం రెండు ముక్కలు: గింజ నంబర్‌ని 137.508తో గుణిస్తే కోణం, గింజ నంబర్ వర్గమూలం మధ్య నుంచి దూరం. స్కూల్ కంప్యూటర్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది లైన్లు చాలు, ఐదొందల చుక్కలు పెడితే పొద్దుతిరుగుడు వచ్చేస్తుంది. కోణం మార్చే బటన్ ఒకటి పెట్టి 137, 137.508, 138 పక్కపక్కన చూపించండి. ప్రోగ్రామ్ రాసి పంపమంటే పంపుతాను. కంప్యూటర్ లేకపోతే కోణమానిని, పెద్ద డ్రాయింగ్ షీటు, ఓపికున్న ఇద్దరు పిల్లలు చాలు.

తేనెపట్టు:
తేనెటీగలు పెంచేవాణ్ణి, మా వైపు నుంచి ఒకటి చెప్తా. కుందేళ్ల లెక్క పుస్తకం కోసం కట్టింది, ఏ కుందేలూ చావకూడదు, ప్రతి నెలా ఎదిగిన ఒక్కో జతకి కచ్చితంగా ఒక జత పుట్టాలి, ఏడాదికి 377 జతలు. అలా ఎక్కడా జరగదు. తేనెటీగల వంశవృక్షం మాత్రం నిజం. పోతుటీగ ఫలదీకరణ కాని గుడ్డు నుంచి పుడుతుంది, అంటే దానికి తల్లే, తండ్రి లేడు. ఆడ ఈగకి ఇద్దరూ ఉంటారు. ఒక పోతుటీగ నుంచి వెనక్కి వెళ్లండి: తల్లి ఒకటి. ఆ తల్లికి ఇద్దరు. వాళ్లలో ఆడదానికి ఇద్దరు, మగదానికి ఒకరు, మొత్తం ముగ్గురు. తర్వాత ఐదుగురు, ఎనిమిది మంది. పిల్లల చేత చార్టు గీయించండి, గీస్తూ ఉండగానే వాళ్లకే తడుతుంది.

మొక్కల_మిత్ర:
చాలా బాగా చెప్పారు. మనుషుల్లో ఎక్స్ క్రోమోజోమ్ కూడా ఇదే దారి. మగపిల్లాడికి ఎక్స్ తల్లి నుంచి ఒక్కటే వస్తుంది, ఆడపిల్లకి తల్లిదండ్రులిద్దరి నుంచీ. కాబట్టి ఒక అబ్బాయి ఎక్స్ క్రోమోజోమ్ ఏయే పూర్వీకుల నుంచి వచ్చి ఉండొచ్చో వెనక్కి లెక్కపెడితే 1, 2, 3, 5, 8. చెవి మీద సుడి గీయడం కంటే ఇది వెయ్యి రెట్లు నిజం.

చార్ట్_బాబు:
షేర్ల ట్రేడింగ్‌లో ఫిబొనాచీ లెవెల్స్ వాడతాం కదా, పెరిగిన ధర 23.6, 38.2, 50, 61.8 శాతం మేరకు తగ్గిన చోట్లు. మార్కెట్ అక్కడే ఆగి వెనక్కి తిరుగుతుందంటారు. ఇది కూడా ప్రకృతి నియమమే కదా? స్టాల్‌లో పెట్టొచ్చేమో.

సందేహి:
వద్దండీ, పిల్లల స్టాల్‌లో అస్సలు వద్దు. ఆ 50 ఫిబొనాచీ నిష్పత్తే కాదు, మధ్యలో చేర్చేశారు. కొమ్మ కొసన కొత్త బుడిపె పాతవాటిని తప్పించుకుని పుట్టడానికి కారణం ఉంది, షేరు ధర 61.8 దగ్గర ఆగడానికి అలాంటి కారణం ఎవరూ చూపించలేదు. చాలామంది అదే గీత చూస్తున్నారు కాబట్టి అప్పుడప్పుడు అక్కడ కదలిక రావచ్చు, అంతే. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. అన్నా, డబ్బు జాగ్రత్త.

ఇక టీచరమ్మ గారు అడిగిన బొమ్మల సంగతి. గవ్వ అంటే నాటిలస్ అనే సముద్ర జీవి గవ్వ బొమ్మే అయ్యుంటుంది. దాన్ని స్కేలుతో కొలవొచ్చు. మధ్య నుంచి ఒక గీత గీసి, ఒక చుట్టు దగ్గర దూరం, అదే గీత మీద తర్వాతి చుట్టు దగ్గర దూరం తీసుకుని భాగించాలి. స్వర్ణ సర్పిలం, అంటే ఆ బొమ్మల మీద గీసే సుడి, అయితే ఒక చుట్టుకి 6.85 రెట్లు పెరగాలి. నాటిలస్ సుమారు మూడు రెట్లే పెరుగుతుంది. అదీ అందమైన సర్పిలమే, కానీ ఇది కాదు. గెలాక్సీల చేతులు కొన్నిటికి బిగుతుగా చుట్టుకుని ఉంటాయి, కొన్నిటికి బాగా విచ్చుకుని ఉంటాయి, ఖగోళ శాస్త్రజ్ఞుడు హబుల్ వాటిని రకాలుగా విడదీసిందే ఆ తేడా చూసి. అన్నీ ఒకే సుడి ఎలా అవుతాయి? గ్రీకు గుడి పార్థెనాన్ క్రీ.పూ. 447లో మొదలైంది, దాన్ని కట్టినవాళ్లు స్వర్ణ నిష్పత్తి వాడారనడానికి రాతపూర్వకంగా ఒక్క ఆధారం లేదు. డావిన్చీ ఈ నిష్పత్తి మీద 1509లో వచ్చిన పుస్తకానికి బొమ్మలు వేశాడు, అది నిజం, కానీ మోనాలిసా ముఖం దాని ప్రకారం గీశాడని దానివల్ల తేలదు.

విజయవాడ_వేణు:
అయితే ఫిబొనాచీ మన పండితుల దగ్గర కాపీ కొట్టాడనే కదా! అసలు పేరే మార్చేయాలి.

పద్యప్రియ:
వేణు గారూ, మీ అభిమానం నాకూ ఉంది, కానీ ఆ మాట అనొద్దు. లియోనార్డో ఇప్పటి అల్జీరియాలోని బుగియా రేవులో భారతీయ అంకెలు నేర్చుకున్నాడు, తన పుస్తకం మొదట్లోనే తొమ్మిది భారతీయ అంకెలు అని గౌరవంగా చెప్పుకున్నాడు. ఆయన మన ఛందోగ్రంథాలు చూశాడనడానికి మాత్రం ఆధారం లేదు. ఈ కూడిక ఎవరు ఏది లెక్కపెడుతున్నా ఎదురయ్యేదే, ఆయనకి కుందేళ్లలో ఎదురైంది, మనవాళ్లకి మాత్రల్లో ఎదురైంది. మనవాళ్లు ముందు చెప్పారన్నది తారీఖులతో రుజువైన విషయం, దానికి దొంగతనం కథ తగిలిస్తే ఆ రుజువే పలచబడుతుంది. హేమచంద్ర సంఖ్యలు అని కూడా పిలుద్దాం, పిల్లలకి రెండు పేర్లూ చెప్దాం.

ఒకటి చేరుస్తాను. మనవాళ్లు అక్కడితో ఆగలేదు. 1356లో నారాయణ పండితుడు ఒక ఆవు లెక్క ఇచ్చాడు. ఒక ఆవు ఏడాదికి ఒక పెయ్య దూడని ఈనుతుంది. ఆ దూడ నాలుగో ఏటి నుంచి తనూ ఏటా ఒక పెయ్యని ఈనుతుంది. ఇరవై ఏళ్లకి మొత్తం ఎన్ని?

లెక్కల_టీచరమ్మ:
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ నమస్కారాలు. చాలావరకు తీసుకుంటున్నాను: దారంతో మందారం, బొప్పాయి, తుంగ, అనాసపండు, రైతుబిడ్డ గారి ఫోటోలు, ఆ 29, 47 పువ్వుతో సహా, ప్రింట్ ఫైల్ పంపగలరా? తేనెటీగల చార్టు. గగ, భ, జ, స, నల బోర్డు మీద పెద్ద అక్షరాలతో, మా తెలుగు మాస్టారు ఇప్పటికే ఒప్పుకున్నారు. నాటిలస్ బొమ్మ కూడా పెడతాను, పక్కన స్కేలు పెట్టి కొలవమని. కోడ్‌కూలీ గారూ, పైథాన్ ప్రోగ్రామ్ తప్పకుండా పంపండి. ఆవుల లెక్క రేపు క్లాసులో ఇస్తాను, జవాబు ఇక్కడ రెండు రోజులు ఎవరూ రాయకండి, కొందరు పిల్లలు ఈ పేజీ చూస్తున్నారు.

నంద్యాల_రైతుబిడ్డ:
పంపినా మేడమ్, మెయిల్ చూడండి. గింజ ముదిరిన పువ్వులు కూడా ఎండబెట్టి బస్సులో వేస్తాం, ప్రింట్ కంటే పిల్లలు చేత్తో ముట్టుకుంటే బాగుంటుంది.

కోడ్‌కూలీ:
టీచరమ్మ గారు చెప్పినట్టు రెండు రోజులు ఆగి రాస్తున్నాను. ఏ ఏడాదైనా ఉండే ఆవులు అంటే, అంతకుముందు ఏడాది ఉన్నవి, వాటికి ఆ ఏడాది పుట్టిన దూడలు. దూడలు ఈనేది మూడేళ్ల క్రితమే ఉన్న ఆవులు మాత్రమే. అందుకే ఇక్కడ ముందుదాన్నీ దానికి రెండు స్థానాల వెనకదాన్నీ కూడాలి. 1, 2, 3, 4, 6, 9, 13, 19, 28, 41, 60, 88, 129, 189, 277, 406, 595, 872, 1278, 1873, 2745. ఇరవై ఏళ్లకి 2745, మొదటి ఆవుతో కలిపి.

లెక్కల_టీచరమ్మ:
మా వాళ్లలో నలుగురికి 2745 వచ్చింది. ఒకమ్మాయి అడిగింది, దూడ నాలుగో ఏట కాకుండా మూడో ఏట నుంచే ఈనితే ఏమవుతుంది మేడమ్ అని. చేసి చూడమన్నాను. 1, 2, 3, 5, 8, 13 అని రాసుకొచ్చింది.